ఒకే జెండా, అనేక అరేబియాలు

సౌదీ అరేబియా పౌరుల్లో దాదాపు అందరి భాషా అరబిక్కే, అందరి మతమూ ఇస్లామే. ఇంతవరకే చూసి అక్కడి మనుషులంతా ఒకే తీరని అనుకోవడం మన దగ్గర మామూలు. నిజానికి ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆ నేల మీద ఒక దేశమంటూ లేదు. ఎర్రసముద్రం ఒడ్డున మక్కా, మదీనా, జెద్దాలున్న హిజాజ్‌ను తుర్కుల ఏలుబడి కింద హాషిమీ షరీఫులు చూసుకునేవారు. నడుమ ఎడారి పీఠభూమి నజ్ద్. అక్కడ సౌద్ కుటుంబానికీ, ఉత్తరాన హాయిల్ కేంద్రంగా ఉన్న రషీద్ కుటుంబానికీ మధ్య తరాల వైరం. గల్ఫ్ తీరంలో ఖర్జూరపు తోటల అహ్సా, ఖతీఫ్‌లు 1913 దాకా తుర్కుల చేతిలోనే ఉన్నాయి. నైరుతిన వానలు పడే కొండసీమ అసీర్, దాని దిగువన తీరం వెంబడి జీజాన్, యెమెన్ అంచున నజ్రాన్. యాస వేరు, తిండి వేరు, కట్టు వేరు, ఆరాధన పద్ధతుల్లోనూ తేడాలు. వీటన్నిటినీ అబ్దుల్ అజీజ్ ఇబ్న్ సౌద్ ముప్పై ఏళ్లలో యుద్ధాలు చేసి కలిపాడు. కలిసిన ముక్కల్ని ఒక జాతిగా మలిచే పని మాత్రం తొమ్మిది దశాబ్దాలు దాటినా సాగుతూనే ఉంది.

ఈ సీమల్లో హిజాజ్ జనాభా కూర్పు విచిత్రమైనది. హజ్‌కు వచ్చి తిరిగి వెళ్లనివాళ్లు శతాబ్దాలుగా అక్కడే ఉండిపోయారు. మధ్య ఆసియా నుంచి వచ్చినవాళ్ల వారసులు నేటికీ బుఖారీ, తుర్కిస్తానీ అనే ఇంటిపేర్లతో కనిపిస్తారు. జావా, దాని చుట్టుపక్కల ఆగ్నేయాసియా దీవుల మూలాలున్నవాళ్లు జావీలు. పశ్చిమాఫ్రికా నుంచి కాలినడకన, పడవల్లో వచ్చి నిలిచిపోయినవాళ్లను తక్రూనీలు అంటారు. హిందీ అనే ఇంటిపేరున్న కుటుంబాలూ ఉన్నాయి. యెమెన్‌లోని హద్రమౌత్ లోయ నుంచి వచ్చిన వ్యాపారులు జెద్దాలో పెద్ద పెద్ద సంస్థలు నిలబెట్టారు; బిన్ లాడెన్ కుటుంబం ఆ కోవలోదే. అదే హద్రమౌత్ నుంచి మరో పాయ నిజాం సైన్యంలో కొలువుకు హైదరాబాద్ వచ్చి బార్కస్‌లో స్థిరపడింది. కాబట్టి జెద్దా పాతబస్తీకీ, మన పాతబస్తీకీ చుట్టరికం ఉందంటే అతిశయోక్తి కాదు. నిజాం సంస్థానం యాత్రికుల కోసం మక్కాలో కట్టిన రుబాత్‌లనే సత్రాల్లో ఉచిత బస ఏర్పాటు సంస్థానం పోయాక కూడా కొనసాగింది.

తూర్పు తీరానికి వెళితే ఖతీఫ్, అహ్సాల్లో పెద్ద సంఖ్యలో షియాలు. పౌరుల్లో షియాలు పది నుంచి పదిహేను శాతం ఉంటారని సాధారణంగా వేసే అంచనా. అధికారిక లెక్కంటూ లేదు, ఎందుకంటే జనాభా లెక్కల్లో మతశాఖ, తెగ వివరాలు ప్రకటించరు. నజ్రాన్‌లో యామ్ తెగవాళ్లు చాలామంది షియాల్లోనే మరో శాఖ అయిన ఇస్మాయిలీలు. మదీనాలో నఖావిలా అనే చిన్న షియా సమాజం ఉంది. హిజాజ్‌లో సూఫీ సంప్రదాయం లోతుగా పాతుకుపోయింది. దక్షిణపు ఎడారి అంచుల్లో మెహ్రీ అనే భాష మాట్లాడేవాళ్లున్నారు. అది అరబిక్ యాస కాదు, ఆధునిక దక్షిణ అరేబియా భాషల కుటుంబానికి చెందిన వేరే భాష.

కత్తితోనూ, పెళ్లితోనూ

సౌద్ వంశపు తొలి రాజ్యం రియాద్ పక్కనున్న దిరియాలో మొదలైంది. 1744లో ముహమ్మద్ ఇబ్న్ సౌద్ అనే పాలకుడికీ, ముహమ్మద్ ఇబ్న్ అబ్దుల్ వహాబ్ అనే మత సంస్కర్తకూ కుదిరిన ఒప్పందంతో అది బలపడింది. 1818లో ఈజిప్టు సేనలు వచ్చి దిరియాను నేలమట్టం చేశాయి. రెండో రాజ్యం 1891లో రషీదుల చేతిలో కూలింది. కువైట్‌లో తలదాచుకున్న ఆ వంశపు యువకుడు అబ్దుల్ అజీజ్ 1902లో కొద్దిమందితో వచ్చి రియాద్ కోటను పట్టాడు. 1913లో అహ్సా, 1921లో హాయిల్, 1924లో మక్కా, మరుసటి ఏడాది జెద్దా అతని వశమయ్యాయి. 1934లో యెమెన్‌తో యుద్ధం ముగిసి తాయిఫ్ ఒప్పందం కుదరడంతో అసీర్, జీజాన్, నజ్రాన్‌ల మీద అతని హక్కు ఖాయమైంది.

గెలిచినవాడు ఓడినవాళ్లను ఏం చేశాడన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. అబ్దుల్ అజీజ్ చాలా తెగలతో వియ్యమందాడు. రషీదులను ఓడించాక వాళ్ల తెగ షమ్మర్ నుంచి పెళ్లి చేసుకున్నాడు. ఆ భార్య కొడుకే తర్వాత రాజైన అబ్దుల్లా. మత సంస్కర్త వంశమైన ఆల్ అష్ షేఖ్ కుటుంబపు కూతురి కొడుకు రాజు ఫైసల్. సుదైరీ కుటుంబపు ఆడపడుచు హస్సా కొడుకులు ఫహద్, సల్మాన్‌లు. తెగ పెద్దలకు నెలనెలా భత్యం, దర్బారులో ఎవరైనా వచ్చి మొర పెట్టుకునే మజ్లిస్, విందులు, కానుకలు అన్నీ పాలనలో భాగాలే. మన సంస్థానాల చరిత్ర తెలిసినవాళ్లకు ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. దీనిలో ఒక లోటుంది. ఓడినవాడికి దక్కేది రాజుతో బంధుత్వం, రాజు దయ. అడిగి పుచ్చుకునే హక్కంటూ ఏదీ రాదు.

బంధుత్వానికి లొంగనివాళ్లూ ఉన్నారు. సంచార తెగలను ఊళ్లలో స్థిరపరచి, మతబోధ చేసి అబ్దుల్ అజీజ్ తయారు చేసుకున్న సైన్యం ఇఖ్వాన్. హిజాజ్ గెలిచి పెట్టింది వాళ్లే. అయితే ఆ తర్వాత బ్రిటిష్‌వాళ్లు గీసిన ఇరాక్, కువైట్ సరిహద్దుల దగ్గర ఆగమంటే వాళ్లు ఆగలేదు. మతానికి సరిహద్దేమిటన్నది వాళ్ల ప్రశ్న. ఉతైబా, ముతైర్ తెగల నాయకుల వెనక నడిచిన ఆ తిరుగుబాటును 1929లో సబీలా యుద్ధంలో అణిచివేశారు. మతం కోసం పోరాడిన సైన్యాన్ని రాజ్యం కోసం మట్టుపెట్టాల్సి వచ్చిన ఈ ఘట్టంతోనే అక్కడ దేశం అనే భావన మొదలైందనవచ్చు. విధేయంగా మిగిలిన తెగల యోధులతో ఏర్పడిన దళమే కాలక్రమంలో నేషనల్ గార్డ్ అయింది. తెగ అభిమానాన్ని చెరిపేయకుండా దానికి యూనిఫాం తొడిగి, జీతమిచ్చి, రాజు పక్కన నిలబెట్టిన సంస్థ అది.

పటం మీద పేర్లు

హిజాజ్ గెలిచాక కూడా అబ్దుల్ అజీజ్ దాన్ని వెంటనే నజ్ద్‌లో కలపలేదు. 1926లో హిజాజ్ రాజుగా ప్రకటించుకుని, ఆ సీమకు విడిగా మౌలిక శాసనాలు ఇచ్చి, కొడుకు ఫైసల్‌ను ప్రతినిధిగా కూర్చోబెట్టాడు. పత్రికలు, పాఠశాలలు, గుమాస్తాల వ్యవస్థ, విదేశీ రాయబారులు అన్నీ అక్కడే ఉండేవి. ఎడారి నుంచి వచ్చిన పాలకులకు ఆ చదువుకున్న ఉద్యోగులు కావాలి. తొలినాళ్ల మంత్రులు, దౌత్యవేత్తలు చాలామంది హిజాజీలు, లేదా సిరియా, ఈజిప్టు, లెబనాన్‌ల నుంచి వచ్చిన అరబ్బులు. వాణిజ్య శాఖకు తొలి మంత్రి 1954లో జెద్దా వర్తకుల కుటుంబం అలీరెజా నుంచి వచ్చాడు. ఆ కుటుంబం మూలాలు పర్షియా తీరంలోవి.

1932 వేసవిలో ఉత్తర హిజాజ్‌లో ఇబ్న్ రిఫాదా అనే తెగ నాయకుడి తిరుగుబాటు చెలరేగి అణిగింది. అదే ఏడాది సెప్టెంబరు 23న ‘హిజాజ్, నజ్ద్, వాటి అనుబంధ ప్రాంతాల రాజ్యం’ పేరు మారి సౌదీ అరేబియా రాజ్యం అయింది. దేశానికి పాలక కుటుంబం పేరే పెట్టారు. ఏ సీమ పేరూ పైకి రాలేదు కాబట్టి ఏ సీమా చిన్నబుచ్చుకునే పని లేదని సమర్థించుకోవచ్చు. ప్రజలకు ఉమ్మడిగా ఉన్నది రాజు ఒక్కడే అని చెప్పినట్టూ అయింది.

పాలనా విభాగాల్లోనూ ఇదే లెక్క. 1992 చట్టం దేశాన్ని పదమూడు ప్రాంతాలుగా విభజించింది. పటంలో మక్కా, మదీనా, రియాద్, ఖసీమ్, హాయిల్, తబూక్ కనిపిస్తాయి గాని హిజాజ్ గాని, నజ్ద్ గాని ఎక్కడా లేవు. అసీర్, జీజాన్, నజ్రాన్ వంటివి మాత్రం పాత పేర్లు నిలబెట్టుకున్నాయి. ప్రాంతాల గవర్నర్లు దాదాపు అందరూ రాచకుటుంబపు వాళ్లే. భాష పేరున రాష్ట్రం కావాలని పొట్టి శ్రీరాములు ప్రాణమిచ్చాక 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన దేశం మనది. సీమ అభిమానాన్ని ఒప్పుకుని, దానికి అసెంబ్లీ, బడ్జెట్టు ఇస్తే దేశం నిలబడుతుందని భారతదేశం నమ్మింది. లెబనాన్ 1943 నుంచి పదవులనే మతశాఖల వారీగా పంచుకుంది. సౌదీ ఈ రెండు దారులూ పట్టలేదు. తేడాలకు పేరు పెట్టకుండా ఉండటమే ఆ రాజ్యం ఎంచుకున్న విధానం.

మతంతో వేసిన ముడి

పేరు పెట్టని తేడాల మీద పరచిన దుప్పటి మతం. 1992లో రాజు ఫహద్ ప్రకటించిన మౌలిక పాలనా శాసనం తొలి అధికరణమే దేశాన్ని అరబ్ ఇస్లామిక్ రాజ్యమని నిర్వచించి, ఖురాన్, ప్రవక్త సంప్రదాయాలే రాజ్యాంగమంటుంది. పన్నెండో అధికరణం జాతీయ ఐక్యతను బలపరచడం విధి అనీ, చీలికకు దారితీసే దేన్నయినా ప్రభుత్వం అడ్డుకుంటుందనీ చెబుతుంది. 1986 నుంచి రాజుకు ‘రెండు పవిత్ర మసీదుల సేవకుడు’ అనేదే మొదటి బిరుదు. మతం పేరుతో తెగల హెచ్చుతగ్గులు తగ్గుతాయి, మొరాకో నుంచి ఇండోనేషియా దాకా గౌరవం దక్కుతుంది. ఈ లాభాలు చిన్నవి కావు.

చిక్కంతా ఆ మతం నజ్ద్ వ్యాఖ్యానమే కావడంలో ఉంది. హిజాజ్ చేతికి వచ్చిన కొత్తలోనే మదీనాలోని బఖీ శ్మశానంలో ప్రవక్త కుటుంబీకుల సమాధుల మీది గుమ్మటాలను కూల్చేశారు. సమాధుల దర్శనం, ప్రవక్త జన్మదిన ఉత్సవం వంటి హిజాజీల ఆచారాలు ఇళ్ల గోడల వెనక్కి వెళ్లాయి. షియాలకు ఇబ్బంది మరీ ఎక్కువ. తోటి పౌరుల విశ్వాసం తప్పుడుదని చెప్పే పాఠాలు వాళ్ల పిల్లలే బడిలో చదవాల్సి వచ్చేది. సైన్యంలో, ఉన్నత పదవుల్లో వాళ్లకు దారులు మూసుకుపోయాయి. ఖతీఫ్, అహ్సాల్లో వివాహం, వారసత్వం వంటి విషయాలకు షియాల జాఫరీ ధర్మశాస్త్రం ప్రకారం తీర్పు చెప్పే న్యాయమూర్తులను అనుమతించడం ఒక్కటే చెప్పుకోదగ్గ మినహాయింపు.

1979 నవంబరులో ఈ ఏర్పాటు రెండు వైపుల నుంచీ పగుళ్లిచ్చింది. ఉతైబా తెగకు చెందిన జుహైమాన్ అనుచరులతో మక్కా మహా మసీదును ఆక్రమించాడు. రాజ్యం మతాన్ని వదిలేసిందన్నది అతని ఆరోపణ. రెండు వారాలు పట్టింది విడిపించడానికి. అతను పెరిగింది ఒకప్పటి ఇఖ్వాన్ స్థావరంలోనే. అదే నెలలో ఖతీఫ్‌లో నిషేధాన్ని కాదని షియాలు ముహర్రం ఊరేగింపులు తీస్తే కాల్పులు జరిగి పలువురు చనిపోయారు. మతం చాలలేదని ఒకరు, ఆ మతం తమది కాదని మరొకరు. ప్రభుత్వం మొదటివాళ్ల వాదనకే ఎక్కువ భయపడింది. ఆ తర్వాతి ఏళ్లలో మతాధికారులకు బడుల్లో, వీధుల్లో అధికారం పెరిగింది.

సర్దుబాట్లు లేవని కాదు. 1993లో ఫహద్ ప్రభుత్వం ప్రవాసంలో ఉన్న షియా నాయకులతో రాజీ కుదుర్చుకుంది. షేఖ్ హసన్ అస్ సఫ్ఫార్ వంటివాళ్లు తిరిగి వచ్చి, పోరాటం మాని దేశంలోనే మాట్లాడుకునే దారి పట్టారు. 2000లో నజ్రాన్‌లో ఒక ఇస్మాయిలీ మసీదు మీద దాడి అక్కడ పెద్ద ఘర్షణకు దారితీసింది. చాలా ఫిర్యాదుల తర్వాత 2008లో అక్కడి గవర్నర్ మారాడు. 2003లో అప్పటి యువరాజు అబ్దుల్లా జాతీయ సంవాదం ఏర్పాటు చేయించాడు. సున్నీ, షియా, సూఫీ, ఇస్మాయిలీ పెద్దలు ఒకే బల్ల చుట్టూ కూర్చోవడం ఆ దేశంలో అదే మొదలు. ఒకరినొకరు ముస్లింలుగా పలకరించుకోవడమే అప్పటికి పెద్ద వార్త. 2005 మునిసిపల్ ఎన్నికల్లో ఖతీఫ్ ప్రజలు ఉత్సాహంగా ఓటేసి తమవాళ్లను గెలిపించుకున్నారు. 2009లో ప్రధాన ఉలమాల (మతపండితుల) మండలిలో నాలుగు సున్నీ ధర్మశాస్త్ర పద్ధతులకూ చోటిచ్చారు. షియాలకు ఇవ్వలేదు.

ఇంతలో అరబ్ తిరుగుబాట్లు వచ్చాయి. 2011లో ఖతీఫ్, దాని పక్కనున్న అవామియా వీధుల్లో నిరసనలు సాగితే, దేశమంతటికీ జీతాలు, ఇళ్లు, భత్యాల రూపంలో వంద బిలియన్ డాలర్లకు పైగా ప్రకటించారు. ఒక చేత్తో డబ్బు, మరో చేత్తో పోలీసు. 2015 మే నెలలో ఖతీఫ్ పక్కన ఖుదైహ్ గ్రామపు షియా మసీదులో ఇస్లామిక్ స్టేట్ బాంబు పేల్చితే, రాజు నుంచి ఉలమాల దాకా అందరూ ఖండించారు. ఏడాది తిరగకుండానే, 2016 జనవరిలో షియా మతగురువు నిమ్ర్ అల్ నిమ్ర్‌కు మరణశిక్ష అమలైంది. 2017లో సాయుధ ఘర్షణల మధ్య అవామియా పాత పేటను ఆధునికీకరణ పేరుతో కూల్చేశారు.

చమురు క్షేత్రాలు, తెగల పెళ్లిళ్లు

1938లో దమ్మామ్ ఏడో నంబరు బావిలో చమురు పడింది. అప్పటిదాకా ఒకరినొకరు ఎరగని సీమలవాళ్లు దహ్రాన్ చుట్టూ చమురు కంపెనీ అరామ్కో శిబిరాల్లో మొదటిసారి పక్కపక్కన పనిచేశారు. ఖతీఫ్ షియా, అసీర్ కొండవాసి, నజ్ద్ తెగవాడు ఒకే బ్యారక్‌లో ఉండి, అమెరికన్ ఉద్యోగులకు మాత్రం ఏసీ ఇళ్లు ఉండటం ఒకేలా గమనించారు. 1953లో వేలమంది కార్మికులు సమ్మె చేశారు, 1956లో మళ్లీ. ఆ తర్వాత సమ్మెల్ని చట్టంతో నిషేధించారు. సౌదీలు తెగను, శాఖను పక్కనబెట్టి ఒకటిగా నిలబడిన తొలి సందర్భాల్లో ఇవి ఉన్నాయి. అధికారిక జాతీయ కథలో మాత్రం వీటికి చోటు తక్కువ.

చమురు డబ్బు రోడ్లు, విశ్వవిద్యాలయాలు, టెలివిజన్, ప్రభుత్వోద్యోగాలు తెచ్చింది. ఆదాయపన్ను లేని పౌరసత్వం, చౌక పెట్రోలు, ఇంటి అప్పు దక్కాక ‘సౌదీ’ అన్న గుర్తింపుకు ఎవరైనా తడిమి చూసుకోగల విలువ వచ్చింది. దుస్తులు కూడా ఒక తీరుకు వచ్చాయి. హిజాజ్ పట్టణాల రంగు తలపాగాలు, అసీర్ పూలదండలు పండగలకు పరిమితమయ్యాయి. తెల్లటి తోబ్, తల మీద గుత్రా ఆఫీసు దుస్తులయ్యాయి.

తెగ మాత్రం కరగలేదు. హర్బ్, ఖహ్తాన్, దవాసిర్, గామిద్, జహ్రాన్, అనజా వంటి పేర్లు నేటికీ ఇంటిపేర్ల చివర వినిపిస్తాయి. తెగ వంశావళి ఉన్నవాళ్లకూ, అది లేని ఖదీరీలకూ మధ్య పెళ్లి సంబంధాలు నజ్ద్‌లో అరుదు. వంశ సమానత లేదంటూ భార్య తరఫు బంధువులు కోర్టుకెక్కితే, ఉత్తరాన అల్ జౌఫ్‌లో ఒక న్యాయస్థానం 2005లో ఇష్టపూర్వకంగా కాపురం చేస్తున్న జంటను విడదీసింది. 2010లో సుప్రీం కోర్టు ఆ తీర్పును కొట్టేసేదాకా వాళ్లకు కాపురం లేదు. కులం చూసి సంబంధం కలుపుకునే సమాజానికి ఇది చెప్పి అర్థం చేయించాల్సిన పని లేదు. ఇస్లాం ముందు అందరూ సమానమని రాజ్యాంగంలో రాసుకున్న దేశంలో కోర్టు వంశావళి చూసి కాపురం తెంచిందంటే, మతం వేసిన ముడి ఎంత పైపైనదో తెలుస్తుంది.

1744 నుంచి 1727కు

కొత్త మలుపు 2016లో విజన్ 2030 అనే సంస్కరణల ప్రణాళిక ప్రకటనతో మొదలైంది. దానికి పునాది అంతకుముందే పడింది. 1985లో నేషనల్ గార్డ్ జనాద్రియా ఉత్సవం మొదలుపెట్టి అన్ని సీమల పాటలు, ఆటలు, వంటలు ఒక చోట చూపించింది. 1990ల్లో బడుల్లో దేశభక్తి పాఠ్యాంశం వచ్చింది. సెప్టెంబరు 23న సెలవు ఇవ్వడం 2005లో గానీ సాధ్యం కాలేదు. రెండు ఈద్‌లు తప్ప వేరే పండగ మతంలో లేదన్న ఉలమాల అభ్యంతరాన్ని దాటడానికి డెబ్బై ఏళ్లు పైగా పట్టింది. ఇప్పుడు ఆ రోజు బాణసంచా, వైమానిక విన్యాసాలు, పాటకచేరీలు.

యువరాజు మహమ్మద్ బిన్ సల్మాన్ కాలంలో జాతీయత వేదిక మధ్యకు వచ్చింది, మతాధికారులు పక్కకు జరిగారు. 2016లో మత పోలీసులకు అరెస్టు చేసే అధికారం పోయింది. 2018లో సినిమాహాళ్లు తెరుచుకున్నాయి, ఆడవాళ్లు కార్లు నడిపారు. పాఠ్యపుస్తకాల్లో షియాలను, సూఫీలను తప్పుపట్టే భాగాలు చాలావరకు తీసేశారు. 2022 జనవరిలో అసలైన సంకేతం వచ్చింది: ఇకపై ఏటా ఫిబ్రవరి 22న స్థాపన దినోత్సవం జరపాలని రాజు సల్మాన్ ఆదేశించాడు. ముహమ్మద్ ఇబ్న్ సౌద్ 1727లో దిరియా పాలకుడైన సందర్భం అది. దశాబ్దాలుగా పుస్తకాలన్నీ రాజ్యం పుట్టుకను 1744 ఒప్పందంతో మొదలుపెట్టేవి. పదిహేడేళ్లు వెనక్కి జరిపేసరికి మత సంస్కర్త కథలో నుంచి తప్పుకున్నాడు, కుటుంబం ఒక్కటే మిగిలింది. అదే ఏడాది ‘ది అట్లాంటిక్’ పత్రికతో మాట్లాడుతూ యువరాజు, ఇబ్న్ అబ్దుల్ వహాబ్ అంటే సౌదీ అరేబియా కాదని తేల్చి చెప్పాడు. 2023 నుంచి మార్చి 11న జెండా దినోత్సవం కూడా వచ్చింది.

సీమల సంస్కృతికి ఇప్పుడు గౌరవం దొరుకుతోంది. యునెస్కో జాబితాలో నజ్ద్ కత్తుల నృత్యం అర్దా 2015లో, హిజాజ్ కర్రల ఆట మిజ్మార్ 2016లో, అసీర్ స్త్రీలు ఇంటి గోడల మీద వేసే ఖత్ చిత్రకళ 2017లో చేరాయి. జెద్దా పాతబస్తీ, అహ్సా తోటలు ప్రపంచ వారసత్వ స్థలాలయ్యాయి. ఇస్లాంకు ముందునాటి నబతీయుల నగరం హెగ్రా, ఒకప్పుడు శాపగ్రస్త స్థలమని పెద్దలు వెళ్లనివ్వనిది, నేడు పర్యాటకులను రమ్మంటోంది. స్థాపన దినోత్సవం రోజు పిల్లలు తాతల నాటి సీమ దుస్తులు వేసుకుని బడికి వెళుతున్నారు. యాభై ఏళ్లు దాచుకున్న తేడాలు చూపించుకోవడానికి పనికొచ్చాయి.

అయితే ఈ ఆదరణ పాటకు, బట్టకు, వంటకే. శిబిరం వేసి ప్రదర్శించగల వైవిధ్యానికి ప్రభుత్వం డబ్బిస్తుంది. సంఘం పెట్టుకుని అడగగల వైవిధ్యాన్ని ఒప్పుకోదు. రాజకీయ పార్టీలు లేవు. 1993లో అరవై మందితో మొదలై నేడు నూట యాభైకి చేరిన షూరా అనే సలహా మండలి సభ్యులందరినీ రాజే నియమిస్తాడు. వాయవ్యంలో నియోమ్ మహానగరం కోసం హువైతాత్ తెగవాళ్లను ఊళ్లు ఖాళీ చేయమన్నప్పుడు, ఎదురు తిరిగిన ఒకతను 2020లో భద్రతా దళాల కాల్పుల్లో చనిపోయాడు; మరికొందరికి కఠిన శిక్షలు పడ్డాయి. మత విమర్శకుల్ని, స్త్రీ హక్కుల కార్యకర్తల్ని, ఉదారవాదుల్ని ఒకే కాలంలో జైల్లో పెట్టారు. మునుపు మతం ఏ పని చేసిందో ఇప్పుడు దేశభక్తి ఆ పని చేస్తోంది. అందరినీ కలుపుతుంది, ఎదురాడిన వాణ్ని ద్రోహి అంటుంది. అయినా రెండూ ఒకటే అనడం అన్యాయం. షియా పిల్లవాడికి తన విశ్వాసాన్ని తిట్టని పాఠ్యపుస్తకం చేతికి రావడం నిజమైన మార్పు.

లెక్కలో ఉండి కథలో లేనివాళ్లు

2022 జనాభా లెక్కల ప్రకారం ఆ దేశంలో ఉన్నవాళ్లు 3.22 కోట్లు. అందులో పౌరులు 1.88 కోట్లు, విదేశీయులు 1.34 కోట్లు. బంగ్లాదేశీయులు దాదాపు 21 లక్షలు, భారతీయులు దాదాపు 19 లక్షలు, పాకిస్తానీలు, యెమెనీలు చెరో 18 లక్షలు. జాతుల వైవిధ్యం అన్న మాటకు నిఘంటువు అర్థం చూస్తే అది ఉన్నది ఇక్కడే. జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్‌ల నుంచి వెళ్లిన భవన కార్మికులు, హైదరాబాద్ పాతబస్తీ నుంచి వెళ్లిన డ్రైవర్లు, అకౌంటెంట్లు, కడప, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్లు అందరూ ఈ లెక్కలోనివాళ్లే. రియాద్, జెద్దా, దమ్మామ్‌లలో ఉగాది జరుపుకునే ఇంజినీర్లు, డాక్టర్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల కుటుంబాలూ ఉన్నాయి. వీళ్లను సమాజంలో కలుపుకోవాలన్న ఆలోచన ఆ రాజ్యానికి ఏనాడూ లేదు. వచ్చి, పనిచేసి, వెళ్లిపోవాలన్నదే ఏర్పాటు.

ఆ ఏర్పాటుకు వెన్నెముక కఫాలా అనే స్పాన్సర్ పద్ధతి. కార్మికుడి ఇఖామా, అంటే నివాస అనుమతి, అతని కఫీల్ (స్పాన్సర్ యజమాని) పేరు మీద ఉంటుంది. ఉద్యోగం మారాలన్నా, దేశం దాటాలన్నా కఫీల్ ఒప్పుకోవాల్సి వచ్చేది. అతన్ని వదిలి బయట పనిచేసేవాణ్ని మన కార్మికులు ‘ఖల్లివెల్లి’ అంటారు. పట్టుబడితే జైలు, ఆపై ఇంటికి. 2011లో వచ్చిన నితాఖాత్ పథకం కంపెనీలు నిర్ణీత శాతం సౌదీలను తీసుకోవాల్సిందేనంది. 2013లో లక్షలమంది కాగితాలు సరిచేసుకోవడానికో, తిరిగి రావడానికో పరుగులు పెట్టారు. తెలంగాణ పల్లెల్లో ఆ ఏడాది సంగతి ఇంకా చెప్పుకుంటారు. 2021 మార్చిలో వచ్చిన సంస్కరణతో ప్రైవేటు కంపెనీల కార్మికులకు కొన్ని షరతుల మీద కఫీల్ అనుమతి లేకుండానే ఉద్యోగం మారే, దేశం విడిచి వెళ్లే వీలు కలిగింది. ఇంటిపనివాళ్లకు, డ్రైవర్లకు, పశువుల కాపరులకు అది వర్తించలేదు. మన పల్లెల నుంచి వెళ్లినవాళ్లలో చాలామంది చేసేది ఆ పనులే.

విదేశీయులు ఇంతమంది ఉండటం పౌరుల ఐక్యతకు పరోక్షంగా పనికొచ్చింది. హిజాజీకీ నజ్దీకీ ఎన్ని తేడాలున్నా ఇఖామా అవసరం లేని కార్డు ఇద్దరి జేబులోనూ ఉంది. పాలకులు ఏ ప్రచారంతోనూ సాధించలేని సమానత్వాన్ని ఈ కార్డు ఇచ్చింది. దానికి రెండో కొస పట్టుకున్నది బయటివాళ్లు. విచిత్రమేమిటంటే, బుఖారీ, జావీ, తక్రూనీ కుటుంబాల పూర్వీకులు కూడా ఒకనాడు బయటి నుంచి వచ్చినవాళ్లే. వాళ్లు వచ్చిన కాలంలో పాస్‌పోర్టు లేదు గనుక పౌరులయ్యారు. సరైన సమయంలో కాగితాలు చేయించుకోనివాళ్ల వారసులు, మక్కా, జెద్దాల పేద పేటల్లో తరాలుగా ఉంటున్నవాళ్లు, నేటికీ విదేశీయులే.

పౌరసత్వ చట్టం 1954 నాటిది. తండ్రి సౌదీ అయితే బిడ్డ సౌదీ. విదేశీయుడికి రియాద్‌లోనే పుట్టి, అక్కడే చదివి, అక్కడే పెరిగిన పిల్లలకు పుట్టుకతో ఏ హక్కూ రాదు. 2019లో రుసుము కట్టి పొందే ప్రీమియం రెసిడెన్సీ వచ్చింది. సంపన్నులకు కఫీల్ అక్కర్లేకుండా పోయింది. 2021 నవంబరులో కొందరు వైద్యులు, శాస్త్రవేత్తలు, మతపండితులకు ప్రత్యేక ఆదేశంతో పౌరసత్వం ఇచ్చారు. సౌదీ తల్లికీ, విదేశీ తండ్రికీ పుట్టిన పిల్లలు పెద్దయ్యాక దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2023 జనవరిలో చేసిన సవరణ ఆ దరఖాస్తుల మీద నిర్ణయాన్ని హోంమంత్రి నుంచి ప్రధానమంత్రికి బదలాయించింది. ప్రధానమంత్రి యువరాజే.